వాయుగుండం సాయంత్రం బోట్ల ఫోటోలు మసగ్గా వస్తున్నాయా? లెన్సు కొనే ముందు ఇది చదువు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా, పెట్టిన పద్నాలుగు ఫోటోలూ పెద్దవి చేసి ఒక్కొక్కటే చూశా. వాయుగుండం హెచ్చరిక వచ్చిన సాయంత్రం విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి తిరిగొస్తున్న బోట్లని కోస్టల్ బ్యాటరీ వైపు బీచ్ నుంచి తీశావు, క్యానన్ 200డి కెమెరా బాడీ, 55-250 జూమ్ లెన్సు, ఫోటోలన్నీ ఒకటే బూడిద రంగులో ఉన్నాయి, బోట్లు మరకల్లా కనిపిస్తున్నాయి, ఆకాశం కళ్ళకి కనిపించినంత భయంకరంగా ఫోటోలో లేదు, లక్ష దాటినా సరే ఎఫ్2.8 జూమ్ (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సులోకి వెలుతురు ఎక్కువ వస్తుంది) కొంటే ఇవన్నీ బాగుపడతాయా అని అడిగావు. నేను ఈ తీరంలో పదహారేళ్ళుగా బోట్లే తీస్తున్నా, పెళ్ళిళ్ళు తీసి బతుకుతా గానీ మబ్బు పట్టిందంటే కెమెరా తీసుకుని బీచ్‌కే పోతా, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు లెన్సు సంగతి తేల్చేస్తా. ఇప్పుడే కొనకు. నీ ఫైళ్ళ వివరాలు చూస్తే తొమ్మిది ఫోటోలు షట్టరు వేగం సెకనులో 1/80, 1/100 వంతు దగ్గర తీసినవి, ఐఎస్ఓ (వెలుతురు తక్కువైతే కెమెరాలో పెంచే అంకె) 800 దాటనివ్వలేదు, నాయిస్ (గరుకు చుక్కలు) వస్తుందని భయపడి ఉంటావు. లెన్సుని 250 దాకా జూమ్ చేస్తే ఆ బాడీలో నీకు వచ్చేది పెద్ద సెన్సార్ కెమెరాలో 400 లెన్సుతో వచ్చేంత దృశ్యం, అంటే గాలి లేని రోజున కూడా చేత్తో పట్టుకుంటే 1/400 అయినా ఉండాలి. స్టెబిలైజర్ ఉంది కదా అంటావేమో, అది ఆపేది నీ చేతి వణుకుని, బోటు ఊగడాన్ని కాదు. నాయిస్ ఉన్న ఫోటోని ఇవాళ ఉన్న సాఫ్ట్‌వేర్లు చాలావరకు శుభ్రం చేసేస్తాయి, కదిలిపోయిన ఫోటోని ఏదీ బాగుచెయ్యదు. కాబట్టి ఐఎస్ఓ 3200కి, అవసరమైతే 6400కి నిర్భయంగా వెళ్ళు.

లెక్క చెప్తా చూడు. మబ్బు దట్టంగా పట్టిన మధ్యాహ్నం ఎఫ్5.6, ఐఎస్ఓ 400 పెడితే 1/500 దొరుకుతుంది, హాయిగా తీసుకోవచ్చు. నల్లమబ్బు కమ్మిన సాయంత్రం ఐదున్నరకి అదే 1/500 కావాలంటే ఐఎస్ఓ 3200 కావాలి. పొద్దు గూకి పది నిమిషాలయ్యాక మబ్బు కింద ఐఎస్ఓ 6400 పెట్టినా ఎఫ్5.6 దగ్గర నీకు దొరికేది 1/60, అంతే. అంటే నీ లెన్సుతో నీకున్న టైము పొద్దు గూకేవరకే, ఆ తర్వాత వేరే పద్ధతి, అది కింద చెప్తా. ఇవి నేను ఇన్నేళ్ళుగా చూసుకుంటున్న అందాజా లెక్కలు, మబ్బు మందాన్ని బట్టి ఒక స్టాపు (అంటే వెలుతురు రెండింతలో, సగమో) అటూ ఇటూ అవుద్ది.

సెట్టింగులు చాలామంది చెప్తారు, నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరే ఉంది. కెమెరా బ్యాగులోంచి తియ్యకుండా పది నిమిషాలు ఒక్క బోటునే చూడు. కెరటం ఎక్కేటప్పుడు ముక్కు పైకి లేస్తుంది, పైకెక్కాక ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, బోటు మొత్తం ఆగినట్టుంటుంది, ఎక్కడం అయిపోయింది దిగడం ఇంకా మొదలవ్వలేదు, అప్పుడు ముక్కు కింద అడుగు రంగు కూడా బయటపడుతుంది, నీళ్ళు రెండు పక్కలా కారుతుంటాయి, ఆ వెంటనే ధబీమని కిందకి పడుతుంది, తెల్లటి నురగ కేబిన్ దాకా లేస్తుంది. ఉయ్యాల పైకెళ్ళి తిరిగొచ్చే ముందు ఆగుతుంది చూడు, అచ్చం అలాగే. ఆ ఆగిన క్షణంలో తీస్తే 1/200 కి కూడా బోటు పదునుగా వస్తుంది, అదే బోటు దిగుతున్నప్పుడు 1/640 కి కూడా అంచులు చెదురుతాయి. వెలుతురు లేని రోజున లక్ష పెట్టి కొనాలనుకుంటున్న ఆ రెండు స్టాపులు సముద్రం ఊరికే ఇస్తుంది, కెరటం పైన.

ఇది నాకు నేర్పింది కెమెరా పట్టుకునేవాళ్ళు కాదు. పెద్ద జాలారిపేట ఒడ్డున ఫైబర్ బోటుని అలల్లోంచి సముద్రంలోకి దింపడం చూశావా? నలుగురు నడుం లోతు నీళ్ళలో బోటుని పట్టుకుని నిలబడతారు, ఇంజను మీద చెయ్యి వేసుకుని ఒకాయన వెనక కూర్చుని సముద్రం వైపే చూస్తుంటాడు, కెరటాలు వస్తుంటాయి పోతుంటాయి, ఆయన కదలడు. నేను మొదట్లో ప్రతి కెరటానికీ క్లిక్ క్లిక్ కొడుతుంటే ఒక ముసలాయన వల బాగుచేసుకుంటూ నాతో అన్నాడు, "బాబూ, అన్నిటికీ ఎగబడితే ఒక్కటీ దొరకదు, ముందు లెక్కెట్టు, పెద్దవి మూడో నాలుగో వరసగా వత్తాయి, అయ్యెల్లిపోయాక కాస్త మెత్తబడతాది, అప్పుడే కదా మేవు తోసేది." అంతే, ఆయన మళ్ళీ వల మీదకి తల దించుకున్నాడు, దారం పళ్ళతో కొరికి ముడి బిగించాడు. నేను అక్కడే ఇసకలో కూర్చుని లెక్కపెట్టా. పెద్దవి వచ్చాయి, పోయాయి, ఇంజను మీదున్నాయన చెయ్యి ఎత్తాడు, నలుగురూ ఒక్కసారి తోసి ఎగిరి లోపల పడ్డారు. అన్ని నెలలుగా ఎప్పుడొస్తుందో తెలియక వెతుక్కున్న ఫోటో అది, ఎప్పుడొస్తుందో వాళ్ళకి ముందే తెలుసు.

సముద్రం మీద గాలికి అప్పటికప్పుడు లేచే కెరటాలు ఐదారు సెకన్లకొకటి వస్తాయి, గజిబిజిగా ఉంటాయి. దూరాన వాయుగుండం పుట్టించి పంపే పొడుగు కెరటాలు పది పన్నెండు సెకన్లకొకటి, కొన్నిసార్లు ఇంకా తీరిగ్గా వస్తాయి, ఫోటోకి అవే మేలు, ఎందుకంటే బోటు వాటి మీద నిదానంగా ఎక్కి నిదానంగా దిగుతుంది, నీకు ఊపిరి తీసుకునే టైము ఉంటుంది. ఇక్కడ గాలేమీ లేకపోయినా కెరటం మాత్రం పెరుగుతోందంటే లోపలెక్కడో వాయుగుండం ఉండొచ్చనే లెక్క, కెరటం గాలికన్నా ముందే ఒడ్డుకి చేరుతుంది. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళు కెరటాల ఎత్తు, ఎన్ని సెకన్లకొకటి, ఏ దిక్కు నుంచి అని రోజూ ఇస్తారు, మత్స్యకారుల కోసం ఇచ్చేది అది, కానీ మనకీ బంగారమే. నేను బయల్దేరే ముందు వాన వస్తుందా రాదా అని చూడను, ఆ సెకన్ల అంకె చూస్తా.

ఇంక వెలుతురు. మన తీరం తూర్పు ముఖం, ఈ ఒక్క విషయాన్ని చాలామంది వాడుకోరు. అందరూ తెల్లవారుజామున సముద్రం మీద సూర్యుడి కోసం వస్తారు, అది బాగానే ఉంటుంది గానీ బోట్లు నల్లటి నీడలుగానే వస్తాయి. ముసురు రోజుల్లో సాయంత్రం చూడు, సూర్యుడు నీ వెనక, ఊరి వైపు, కొండల వెనకాల దిగిపోతుంటాడు, మబ్బు సముద్రం మీద కమ్ముకుని ఉంటుంది, పడమట ఆకాశం అడుగున సన్న సందు ఒకటి తెరుచుకుంటే ఆ వెలుతురు నీ భుజం మీంచి వెళ్ళి సూటిగా బోట్ల మీద పడుతుంది, బోటు ఎర్రగా నీలంగా పసుపుగా వెలుగుతుంటుంది, వెనకాల సముద్రం, ఆకాశం కలిసి సీసం రంగులో ఉంటాయి. ఒక్కోసారి ఇంద్రధనుస్సు కూడా అటే వస్తుంది, సూర్యుడికి ఎదురుగానే కదా వచ్చేది. ఇది రెండు మూడు నిమిషాలకన్నా ఉండదు, కొన్ని రోజులు అసలు రాదు. పడమర వైపు వెనక్కి తిరిగి చూసుకుంటూ ఉండాలి, అందరూ సముద్రం చూస్తుంటే నువ్వు ఊరి వైపు చూడు, సందు తెరుచుకోబోతోందా లేదా అని. నీ ఫోటోల టైము చూశా, ఆఖరుది 5:50కి తీసి వెళ్ళిపోయావు. జూన్‌లో విశాఖలో పొద్దు గూకేది ఆరున్నర ప్రాంతంలో. అసలు టైముకి ముందే వెళ్ళిపోయావు తమ్ముడూ, అది బాధగా అనిపించింది.

బూడిద రంగు ఎందుకొచ్చిందో చెప్తా. కెమెరాకి నల్లమబ్బు అంటే తెలియదు, ఎదురుగా ఏదున్నా దాన్ని మధ్యస్థంగా ఉండే బూడిదలోకి తీసుకురావాలని చూస్తుంది. చీకటి దృశ్యం ఇస్తే వెలిగిస్తుంది, తెల్లటి నురగ ఫ్రేము నిండా ఇస్తే మసక చేస్తుంది. నీ ఆకాశం భయంకరంగా లేకపోవడానికి అదే కారణం, కెమెరా నీ తుఫానుని వెలిగించేసింది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకన్నా ఫోటోని చీకటిగానో వెలుతురుగానో చేసే సెట్టింగు) మైనస్ 1 పెట్టు. దీనివల్ల రెండో లాభం కూడా ఉంది, మైనస్ 1 పెడితే షట్టరు రెండింతలవుద్ది, 1/250 దొరికే చోట 1/500 దొరుకుతుంది. చీకట్లో తీస్తున్నావు కాబట్టి ఫోటో చీకటిగానే ఉండాలి, బోటు మీద ఎక్కడో ఒక చోట వెలుతురు తగిలితే చాలు. కానీ ఒక షరతు, ఇంటికొచ్చాక ఆ నీడల్ని కంప్యూటర్లో పైకి లాగకూడదు, లాగితే నాయిస్ అంతా అక్కడి నుంచే లేస్తుంది. చీకటిగా తీసి చీకటిగానే ఉంచే ధైర్యం ఉంటేనే మైనస్ పెట్టు. కెరటం విరిగి ఫ్రేములో సగం నురగే ఉంటే మళ్ళీ సున్నాకి రా, లేకపోతే నురగ మురికినీళ్ళలా వస్తుంది.

నీ కెమెరాలో టీవీ మోడ్‌లో (షట్టరు వేగం మనమే కట్టేసేది, ఇక్కడ మైనస్ 1 పెడితే షట్టరు మారదు, ఐఎస్ఓ తగ్గుతుంది) 1/500 పెట్టుకుని, ఆటో ఐఎస్ఓకి గరిష్ఠం 6400 కట్టేసి, మైనస్ 1 పెట్టుకో, ఫైలు రా ఫార్మాట్‌లో (కెమెరా కుదించని అసలు ఫైలు). వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో వదలకు, డేలైట్‌లో కట్టేయి, ఆటోలో ఉంటే ఆ నీలిరంగుని తప్పనుకుని తీసేస్తుంది, ముసురు సాయంత్రపు సముద్రానికి ఉన్న రంగే అది కదా.

ఫోకస్ గురించి. నీ ఫోటోల్లో మూడింటిలో షట్టరు సరిగ్గానే ఉంది, అయినా బోటు మసకే, అక్కడ కెమెరా ముందున్న నురగని పట్టుకుంది. 200డిలో తొమ్మిది ఫోకస్ పాయింట్లు ఉంటే మధ్యలోది ఒక్కటే రెండు దిక్కులా పనిచేసే క్రాస్ టైపు, చీకట్లో నమ్మదగ్గది అదొక్కటే. మధ్య పాయింట్ ఒక్కటే పెట్టుకో, ఏఐ సర్వో (కదిలేదాన్ని వెంబడించే ఫోకస్) పెట్టుకో. ఎక్కడ పెట్టాలి అంటే, తడి చెక్క మీద, మబ్బు మీద, నీళ్ళ మీద కెమెరాకి పట్టు దొరకదు, గట్టి తేడా ఉన్న గీత కావాలి. మన మరబోట్ల కేబిన్ మీద రిజిస్ట్రేషన్ నంబరు పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది చూడు, దాని మీద పెట్టు, అంతకన్నా మంచి చోటు బోటులో లేదు. అది కనపడని కోణమైతే కేబిన్ అంచు, లేకపోతే గుడ్డ జెండా కట్టిన కర్ర. బర్స్ట్ (ఆపకుండా వరసగా తియ్యడం) గురించి ఒక మాట, నీ బాడీ సెకనుకి ఐదు తీస్తుంది గానీ రా ఫైళ్ళతో తొందరగా నిండిపోయి ఆగిపోద్ది, బోటు కెరటం ఎక్కడం మొదలెట్టగానే నొక్కితే పైకెక్కే సరికి కెమెరా ఆగిపోయి ఉంటుంది. ముక్కు ఆకాశం వైపు తిరిగాక నొక్కు, మూడు ఫ్రేములు తీసి వదిలెయ్.

నిలబడే ఎత్తు కూడా చూసుకో. కైలాసగిరి లాంటి ఎత్తు నుంచి తీస్తే సముద్రం దుప్పటి పరిచినట్టు కనిపిస్తుంది, కెరటానికి ఎత్తే ఉండదు. ఇసకలో కూర్చుని తీస్తే ముందున్న కెరటం బోటు సగాన్ని దాచేస్తుంది, అప్పుడే చూసేవాడికి గుండె ఝల్లుమంటుంది. మరీ దూరంగా ఉన్న బోటు జోలికి పోకు, ముసురు గాలిలో కిలోమీటరు దాటాక తేమ, తుంపర మధ్యలో అడ్డుపడి ఎంత మంచి లెన్సయినా మసకే చూపిస్తుంది, నీ ఫోటోల్లో సగం జబ్బు అది. లక్ష రూపాయల లెన్సు కూడా ఆ గాలిలోంచే చూడాలి. దగ్గరికొచ్చేదాకా ఆగు, బోటు హార్బర్‌కే కదా వస్తోంది, ఎలాగూ నీ ముందు నుంచే పోద్ది.

పొద్దు గూకాక ఏం చెయ్యాలన్నావు. డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే 50ఎంఎం ఎఫ్1.8 కొను, పాతది ఇంకా చవగ్గా దొరుకుతుంది. ఎఫ్5.6 తో పోలిస్తే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది, ఇందాక చెప్పిన ఆ 1/60 కాస్తా 1/500 దాటుద్ది. బోటు చిన్నగా వస్తుంది నిజమే, రానీ. అంత పెద్ద చీకట్లో చిన్న బోటు, దాని కేబిన్లో ఒక్క బల్బు, చాలాసార్లు అదే ఫోటో. ఎక్స్‌పోజర్ ఆ బల్బుని చూసి పెట్టు, అది తెల్లగా పేలిపోకుండా ఉంటే మిగతాదంతా దానికదే కుదురుతుంది. ఇంకో ఉపయోగపడే సంగతి, నిబంధన ప్రకారం బోటుకి ఎడమ పక్కన ఎర్ర దీపం, కుడి పక్కన ఆకుపచ్చ దీపం ఉండాలి, ఆ రెండూ ఒకేసారి కనిపిస్తున్నాయంటే బోటు నీ వైపే వస్తోందన్నమాట, ఒక్కటే కనిపిస్తే అడ్డంగా పోతోంది. చీకట్లో ఏ బోటు కోసం ఆగాలో దీన్ని బట్టి తేల్చుకోవచ్చు. అన్ని బోట్లూ ఈ దీపాలు సరిగ్గా పెట్టవు, కొన్నింటికి ఒక ఎల్ఈడీ బల్బు వేలాడదీసి ఉంటుంది అంతే.

ట్రైపాడ్ పెట్టి లాంగ్ ఎక్స్‌పోజర్ తియ్యొచ్చా అని ఇంకో చోట అడిగావు. కదిలే బోటుకి వద్దు, బోటు దెయ్యంలా వస్తుంది. కదలని దానికైతే అద్భుతం. 2020 అక్టోబర్ 13న వాయుగుండం గాలులకి బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎంవీ మా లంగరు నిలవక కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీద ఆగిపోయింది కదా, విశాఖ అంతా అక్కడే ఉంది ఆ రోజుల్లో. ఆ ఓడని నేను మూడు సాయంత్రాలు తీశా. ఓడ కదలదు, కెరటాలు మాత్రం వచ్చి దాని పక్కకి కొట్టుకుంటున్నాయి, రెండు సెకన్లు తెరిచి ఉంచితే నురగ రాళ్ళ మీద పాలు పొంగి కారినట్టు వచ్చింది, ఎనిమిది సెకన్లు పెడితే పొగమంచులా అయిపోయి కెరటం బలమే కనపడలేదు. అర సెకను నుంచి రెండు సెకన్ల మధ్యలోనే నీళ్ళకి దారులు కనిపిస్తాయి, అంతకన్నా ఎక్కువ పెట్టేవాళ్ళు శాంతమైన సముద్రం కోసం పెడతారు, మనకి కావలసింది అది కాదు. గాలిలో ట్రైపాడ్ మధ్య కర్ర పైకి తియ్యకు, కాళ్ళు పొట్టిగా ఉంచు, కెమెరా బెల్టు విప్పెయ్, అది గాలికి కొట్టుకుంటూ కెమెరాని వణికిస్తుంది. నేను చాలాసార్లు ట్రైపాడ్ తీసుకెళ్ళనే తీసుకెళ్ళను, చిన్న గుడ్డ సంచిలో రెండు కిలోల బియ్యం కుట్టించుకున్నా, బీచ్ గోడ మీద పెట్టి దాని మీద లెన్సు ఆనిస్తా, ఏ గాలికీ కదలదు.

ఉప్పు విషయంలో నిన్ను బతిమాలుతున్నా, నిర్లక్ష్యం చెయ్యకు. అలల తుంపర లెన్సు మీద పడి ఆరితే సన్న ఉప్పు పలుకులవుతాయి, పొడి గుడ్డతో తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయి. ముందు మామూలు మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో అద్దాలని ఒత్తి ఉప్పు కరిగించి, ఆ తర్వాత పొడి మైక్రోఫైబర్ గుడ్డ. నోటితో ఊదకు. ముందర ఒక యూవీ ఫిల్టర్, హుడ్ ఎప్పుడూ ఉండాలి, కెమెరాకి మందం ప్లాస్టిక్ కవరు చుట్టి లెన్సు దగ్గర రబ్బరు బ్యాండు వేస్తే సరిపోద్ది, వేలకి వేలు పెట్టి రెయిన్ కవర్ అక్కర్లేదు. బీచ్‌లో లెన్సు మార్చకు. ఏసీ గదిలోంచి, ఏసీ కారులోంచి తిన్నగా బయటికి తీస్తే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది, పావుగంట పైన ఏమీ కనపడదు, బయల్దేరే ముందే కారులో ఏసీ ఆపేసి బ్యాగు అలాగే మూసి ఉంచు, లోపలి వేడి బయటి వేడితో సమానమయ్యాక తియ్యి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి కరెంటు పోయిన ఆ రోజుల్లో తడిసిన లెన్సుని బ్యాగులోనే పెట్టి మర్చిపోయా, ఇంట్లో పైకప్పు రేకులు ఎగిరిపోయి ఉంటే లెన్సు ఎవరికి గుర్తుంటుంది, నెల తర్వాత తీస్తే లోపలి అద్దం మీద తెల్లటి సాలెగూడులా ఫంగస్. అప్పులు చేసి కొన్న 70-200 అది. బాగుచేయించినా మళ్ళీ ఆ పదును రాలేదు. అప్పటి నుంచి గాలి చొరబడని స్టీలు డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి పెడుతున్నా, ఎంత అలిసిపోయి వచ్చినా కెమెరా తుడిచాకే అన్నం.

ఎప్పుడు వెళ్ళాలి అన్నది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. తుఫాను రోజు కాదు, ముందు రోజు. తుఫాను రోజు సముద్రంలో బోటు ఉండదు, ఉండకూడదు, నువ్వూ ఒడ్డున ఉండకూడదు. హెచ్చరిక రాగానే లోపల రోజుల తరబడి వేటలో ఉన్న మరబోట్లన్నీ ఒకదాని వెనక ఒకటి హార్బర్‌కి తిరిగొస్తాయి, అప్పటికే పొడుగు కెరటాలు మొదలై ఉంటాయి, ఆకాశం రంగు మారి ఉంటుంది, వాన ఇంకా పడదు. మనకి కావలసిందంతా ఆ ఒక్క సాయంత్రంలో ఉంది, నువ్వు వెళ్ళింది కూడా సరిగ్గా ఆ సాయంత్రమే. పోర్టులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారంటే దూరంగా సముద్రంలో వాయుగుండం ఉందని, మూడో నంబరు అంటే ఈ పోర్టుకే ఈదురుగాలుల ముప్పు ఉందని అర్థం. మూడు పడ్డాక నేను బీచ్ రోడ్డు గోడ దాటి ఒక్క అడుగు కూడా కిందకి దిగను. ఇంకో మంచి రోజు జూన్ 15. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం, అది తీరగానే రుతుపవనాల మబ్బుల కింద బోట్లు బారులు తీరి బయటికి పోతాయి, రెండు నెలలు ఖాళీగా ఉండి కొత్త రంగులు వేసుకుని, కొబ్బరికాయ కొట్టించుకుని, ముక్కుకి బంతిపూల దండ కట్టుకుని. ఆ దండ మొదటి కెరటానికే తెగి నీళ్ళలో పడే క్షణం ఒకటుంటుంది, నాకు ఇప్పటికి ఒక్కసారే దొరికింది.

అలలు ఆపడానికి వేసిన కాంక్రీటు దిమ్మల మీదకి, బండల చివరికి వెళ్ళకు. చిన్న కెరటాలు చాలాసేపు వచ్చి ధైర్యం పెంచుతాయి, ఆ తర్వాత పెద్దవి వరసగా వస్తాయని ముసలాయన చెప్పింది ఇక్కడ కూడా వర్తిస్తుంది, పాచి పట్టిన రాయి మీద కాలు జారితే లేచే టైము ఉండదు. ఉప్పాడ రోడ్డు మీద కెరటం రోడ్డెక్కి కొట్టేటప్పుడు తీసిన ఫోటోలు బాగుంటాయి, నేనూ తీశా, కానీ సముద్రం అక్కడ రోడ్డునే కోసుకుపోతోంది, పోలీసులు ఆపేశారంటే ఆగిపోవాలి, వాదించకూడదు. విశాఖలో ఇంకో సంగతి, హార్బర్ ముఖద్వారం దగ్గర నేవీ ఓడలు, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు నేవీ స్థలాలు ఉంటాయి, కెమెరా అటు తిప్పకు, డ్రోను అయితే అనుమతి లేకుండా అసలు లేపకు. హార్బర్ లోపలికి వెళ్తే గేటు దగ్గర అడిగి వెళ్ళు. ముఖ్యంగా డబ్బులిచ్చి బోటులో ఎక్కించుకుపొమ్మని ఆ రోజున ఎవరినీ అడగకు. రెండు వేలు ఇస్తే ఒప్పుకునే మనిషి దొరుకుతాడు, ఇంట్లో అవసరం అలాంటిది, కాబట్టే అడక్కూడదు.

ఒడ్డున ఎదురుచూసే ఆడవాళ్ళుంటారు. రావాల్సిన బోటు రాకపోతే వాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో నేను చూశా, ఆ ముఖాలు తియ్యలేదు. కెమెరా కిందకి దించి, ఫోను సిగ్నల్ ఉంటే ఎవరికైనా ఫోన్ చెయ్యాలా అక్కా అని అడిగా. బోటు రాత్రికి వచ్చింది. రాకపోయుంటే నా దగ్గరున్న జూమ్ లెన్సు ఆ ఒడ్డున ఎంత పరాయిగా ఉండేదో అప్పుడు అర్థమైంది. ఫోటో తీసినవాళ్ళకి ఒక ప్రింటు తీసుకెళ్ళి ఇవ్వు, తర్వాతసారి ఏ బోటు ఎప్పుడొస్తుందో వాళ్ళే ఫోన్ చేసి చెప్తారు, నాకు వాతావరణ శాఖ కన్నా ముందు వచ్చే కబురు అదే.

ఫోనుతో తియ్యొచ్చా అన్నావు, తియ్యొచ్చు. నైట్ మోడ్ ఆపెయ్, అది చాలా ఫ్రేములు కలుపుతుంది, ఊగే బోటు అందులో కరిగిపోద్ది. మెయిన్ కెమెరా మాత్రమే వాడు, వేళ్ళతో జూమ్ చెయ్యకు, లెన్సు మీద తేమ చొక్కాతో తుడవకు. అంతకుమించి దాని గురించి చెప్పేదేం లేదు.

నీ పద్నాలుగు ఫోటోల్లో పదకొండోది చూశావా మళ్ళీ? నువ్వు దాని గురించి ఏమీ రాయలేదు. నీలం బోటు, ముక్కు పైకి లేచి ఉంది, కింద ఎర్రరంగు అడుగు కొంచెం కనిపిస్తోంది, ముందర ఒకతను తాడు చుట్ట పట్టుకుని కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు, 1/125 కే తీశావు అయినా అతని చేతి వేళ్ళు లెక్కపెట్టొచ్చు. బోటు కెరటం మీద ఆగిన క్షణంలో నీకు తెలియకుండానే నొక్కావు. దాన్ని ఒక స్టాపు చీకటి చెయ్యి, పైన ఖాళీ ఆకాశం కొంచెం కత్తిరించు, రంగు డేలైట్‌కి మార్చు. రా ఫైలు ఉంటే ఇక్కడే లింకు పెట్టు, నేనూ ఒకసారి చేసి చూపిస్తా.